ముందు రక్తం చూడండి

కాలేయం మీద గంటసేపైనా తడుముకోకుండా మాట్లాడగల పరిశోధకురాలు, ఒక మధ్యాహ్నం, సగం ఖాళీ అయిన ప్రయోగశాలలో పాత ఫ్రీజరు పక్కన స్టూలు మీద కూర్చుని, ఇరవై ఏళ్ల తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి, రెండో మాటకే తడబడింది.

"పెట్టెయ్యకు. ఒక్క నిమిషం. పెట్టెయ్యకు."

"పెట్టెయ్యడం లేదండీ. కుట్టుమిషను ఆపుతున్నాను, ఆ చప్పుడులో వినబడదని. చెప్పండి డాక్టరుగారూ."

"డాక్టరుగారేంటే."

"మరేమనాలి? పేపర్లో అలాగే వేస్తారుగా."

"నేనే, పిచ్చుకా."

"ఆ పేరు పెట్టిన మనిషి పోయి ఇరవై ఏళ్లయింది. ఆ పేరూ అమ్మతోనే పోయింది."

"ఇరవై. అవును. ఇంతసేపు మోగింది, ఇక ఎత్తవనుకున్నాను."

"ఫోను అవతల గదిలో ఛార్జింగుకి పెట్టాను. లేచి వెళ్లేసరికి ఆలస్యమవుతుంది. నాలుగేళ్ల కింద వానల మొదట్లో జారిపడి కాలు విరిగింది. మూడు నెలలు మంచం మీదే."

"కాలు విరిగిందా? నాకెవరూ చెప్పలేదే."

"ఎవరు చెప్పాలి? మన మధ్య ఇంకెవరు మిగిలారు?"

"ఇప్పుడెలా ఉంది?"

"నడుస్తున్నాను. వానొస్తే తనే గుర్తుచేస్తుంది. ఊరికే చేశారా, పనుండి చేశారా?"

"ఊరికే."

"ఇరవై ఏళ్ల తర్వాత ఊరికే."

"ఊరికే కాదులే."

"అదీ. చెప్పండి."

"నీ కూతురెలా ఉంది?"

"బాగుంది. కాలేజీకెళ్లింది. మిమ్మల్ని ఒకసారి టీవీలో చూసింది. 'ఈవిడేనా పెద్దమ్మ' అంది. అవునన్నాను. 'అబద్ధం చెప్పబోయే ముందు నువ్వు గొంతు సవరించుకున్నట్టే సవరించుకుంటోంది' అంది."

"ఆ మాటందా?"

"అంది. ఇప్పుడు కూడా సవరించుకున్నారు. 'ఊరికే' అనేముందు."

"నాది నెలాఖరుకి రిటైర్మెంటు. ఇక్కడంతా ఖాళీ చేస్తున్నారు. పాత ఫ్రీజరు తీసేస్తున్నారు."

"సభ పెట్టారా?"

"పెట్టారు. పొగడ్డానికి వచ్చినాయన నా పేరు తప్పు చదివాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరికీ తెలియలేదనుకుంటా."

"రిటైరయ్యాక ఏం చేస్తావు? ఇంట్లో ఎవరున్నారని?"

"ఎవరూ లేరు. నిన్న సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని చూశాను, ఎలా ఉంటుందో అని. గోడ గడియారం అంత గట్టిగా కొట్టుకుంటుందని ఇన్నేళ్లూ నాకు తెలియలేదు. పన్నెండు కాకుండానే ఇక్కడికొచ్చేశాను."

"ఇంతకీ ఫోను రిటైర్మెంటు గురించా?"

"కాదు. ఫ్రీజరు గురించి."

"ఫ్రీజరు గురించి నాకా? నేను బడిపిల్లల యూనిఫారాలు కుట్టుకునేదాన్ని."

"అందులో ఒక పెట్టె దొరికింది. ఇరవై ఎనిమిదేళ్ల నాటిది, నేను పరిశోధన మొదలుపెట్టినప్పటిది. గుర్తుందా, సెలవులకొచ్చి అమ్మదీ నీదీ రక్తం తీశాను?"

"గుర్తులేకేం? వంటింట్లో, కిటికీ పక్కన. నాకు కళ్లు తిరిగితే నువ్వు నవ్వావు. అమ్మ నీ నెత్తిన మొట్టింది."

"మొట్టింది. గరిటెతో."

"ఎందుకు తీస్తున్నావో మాత్రం చెప్పలేదు. 'చదువుకి' అన్నావు. నీ చదువుకి నా రక్తమెందుకో నాకర్థం కాలేదు."

"జబ్బున్నవాళ్ల రక్తం పక్కన పెట్టి పోల్చడానికి, జబ్బు లేనివాళ్ల రక్తం కావాలి. నలభై మందిది. ముప్ఫై ఏడు దొరికాయి. గడువు దగ్గరపడింది. మూడు తక్కువ. అమ్మా, నువ్వూ, నేనూ."

"నలభై."

"నలభై. ట్యూబుల మీద రాశాను కూడా. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై. ఆరోగ్యవంతులు."

"రాస్తే తప్పేముంది?"

"ముందు వైరసు పరీక్ష చెయ్యాలి. లేదని తేలాకే ఆ మాట రాయాలి. ముప్ఫై ఏడుగురికి చేశాను. మన ముగ్గురికీ చెయ్యలేదు."

"ఎందుకు?"

"ఇంట్లోవాళ్లం కదా అని."

"ఊఁ."

"వింటున్నావా?"

"వింటున్నాను. సూదిలో దారం ఎక్కిస్తున్నాను. చెప్పు."

"పారేసేముందు పాత పెట్టెలన్నీ కొత్త మిషన్లో ఒకసారి పెట్టి చూడటం ఇక్కడి పద్ధతి. మా టెక్నీషియను కాగితం తెచ్చాడు. 'మేడమ్, ఆరోగ్యవంతుల పెట్టెలో రెండు తేడాగా ఉన్నాయి, ఎవరివో పొరపాటున కలిసుంటాయి' అన్నాడు."

"ఏ రెండు?"

"చూడు, నీకు నెమ్మదిగా చెప్పాలి. నువ్వు కంగారుపడకూడదు."

"ఏ రెండు అక్కా?"

"అక్కా అన్నావు."

"నోరు జారింది. ఏ రెండు?"

"ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది."

"అంటే అమ్మ, నేను."

"హెపటైటిస్ బి. ఇద్దరికీ."

"మరి నీది?"

"నాకేం లేదు."

"అంతేలే. చిన్నప్పుడూ అంతే. వానొచ్చినప్పుడు గొడుగు ఎప్పుడూ నీ చేతిలోనే ఉండేది."

"నిన్ను కన్నప్పుడు అమ్మకి రక్తం ఎక్కించారు. నాకు పన్నెండేళ్లు. తలుపు సందులోంచి ఆ సీసా చూశాను. అందులోంచే వచ్చుంటుంది అమ్మకి. అమ్మ నుంచి నీకు."

"నేను పుడుతూ తెచ్చిపెట్టానన్నమాట."

"నేనలా అనలేదు."

"నువ్వు అననివి కూడా నాకు వినబడతాయి. కాగితం ఎప్పుడొచ్చింది నీకు?"

"సోమవారం."

"ఇవాళ శుక్రవారం."

"సోమవారం ఫోన్ తీసి పక్కన పెట్టేశాను. మంగళవారమూ అంతే. బుధవారం చేశాను, ఒక్క రింగుకే పెట్టేశాను."

"అది నువ్వా! రాంగు నంబరనుకుని తిట్టుకున్నాను."

"పోనీలే, ఆ తిట్టు చేరాల్సినచోటికే చేరింది. ఇప్పుడు విను. రేపే వెళ్లి పరీక్ష చేయించుకో. కాలేయం స్కానింగు కూడా. ఆ తర్వాత మీ ఆయనకీ, అమ్మాయికీ. అమ్మాయికి పుట్టగానే టీకా వేయించారా?"

"వేయించాం. పుట్టిన రోజునే, రెండు సూదులు."

"రెండా? రెండెందుకు? రెండో సూది అందరికీ వెయ్యరే, అదెవరికేస్తారంటే..."

"ఒకటో రెండో, ఎవరికి గుర్తు? పంతొమ్మిదేళ్ల కిందటి మాట. అదలా ఉంచు. ముందు అమ్మ సంగతి పూర్తిచెయ్యి."

"అమ్మ సంగతి తర్వాత. ముందు నీ ఒంటి సంగతి..."

"ముందు అమ్మ."

"పిచ్చుకా..."

"నీకు చెప్పాలని లేకపోతే నేను మిషను తొక్కుకుంటాను. సోమవారానికి ముప్ఫై చొక్కాలివ్వాలి."

"చెబుతాను. అమ్మ కాలేయం పాడై ఆఖరుసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వార్డు డాక్టరు నన్ను పక్కకి పిలిచి అడిగాడు. 'మేడమ్, అమ్మగారికి వైరసు పరీక్ష పంపమంటారా?' అని."

"నువ్వేమన్నావు?"

"అక్కర్లేదన్నాను. మా అమ్మది నేనెప్పుడో చేశాను, లేదు అన్నాను."

"చెయ్యలేదుగా."

"చెయ్యలేదు. కానీ నా పుస్తకంలో నలభైమందికీ చేసినట్టే రాసుకున్నాను. ఎనిమిదేళ్లు ఆ పట్టిక పట్టుకుని తిరిగాను. సభల్లో చూపించాను, అచ్చువేయించాను, మెప్పులు పొందాను. చివరికి నేనే నమ్మేశాను. ఆ రోజు ఆ డాక్టరుతో అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదే. నిజమే చెబుతున్నాననుకున్నాను."

"నువ్వే పెద్ద డాక్టరువి. నువ్వు లేదన్నాక ఆయన మళ్లీ ఎందుకు చూస్తాడు?"

"చూడలేదు."

"వైరసు లేదంటే, కాలేయం అలా పాడవడానికి ఇక మిగిలింది..."

"అనకు."

"నువ్వన్నావుగా. నేనంటే తప్పా? వార్డులో ఇరవై మంచాలు. కోటు వేసుకుని, ఫైలు చంకన పెట్టుకుని, అందరూ వింటుండగా. 'అమ్మా, దాచకుండా చెప్పు. ఎప్పుడైనా తాగేదానివా?'"

"డాక్టరుగా అడిగాను."

"అమ్మకి డాక్టరు కనబడలేదు. కూతురు కనబడింది."

"తెలుసు."

"తెలియదు నీకు. నువ్వు ఆ సాయంత్రమే రైలెక్కావు, ఏదో సభ ఉందని. మర్నాడు పొద్దున ఏం జరిగిందో నీకు తెలియదు. చచ్చేదాకా చెప్పకూడదనే అనుకున్నాను."

"చెప్పు."

"వద్దులే."

"చెప్పవే."

"నన్ను దగ్గరికి రమ్మంది. ఇంకా దగ్గరికి రా అంది. వంగాను. 'నా నోరు వాసన చూడవే' అంది. 'నాకు తెలియకుండా ఏమన్నా వాసనొస్తోందేమో. అక్క పెద్ద చదువు చదివింది, ఊరికే అడగదు' అంది. అక్కా, ఉన్నావా?"

"ఉన్నాను."

"ఏడుస్తున్నావా?"

"ఫ్రీజరు మూత తెరిచి ఉంది. చల్లగా ఉంది ఇక్కడ."

"మూసెయ్యి."

"మూశాను."

"అప్పటికి మందు ఉండేదా దీనికి?"

"ఒక మాత్ర వచ్చింది కొత్తగా. నా బీరువాలోనే ఉండేది, పరిశోధనకి ఇచ్చినవి."

"నీ బీరువాలో."

"రెండో అరలో. బతికేదని చెప్పలేను. అప్పటికే చాలా ముదిరింది. కొన్ని నెలలు కలిసొచ్చేవేమో, ఏడాదేమో, చెప్పలేను. కానీ ఆ మాట పడేది కాదు. ఆ మాట పడకుండా పోయేది. నువ్వు నన్ను వదిలేయడంలో తప్పేం లేదు. క్షమించమని కూడా అడగను."

"అడగకు."

"అడగను."

"మంచినీళ్లు తాగు. గొంతు ఎండిపోయింది నీకు."

"నువ్వు తిట్టలేదు."

"నీ నోటితో విన్నానుగా. ఇన్నేళ్లకి. చాలు."

"ఏం మనిషివే నువ్వు? నీ ఒంట్లో జబ్బుందని చెబుతున్నాను. అవతల సూదిలో దారం ఎక్కిస్తున్నావు. భయం లేదా?"

"భయపడితే తగ్గుతుందా?"

"భయపడాల్సింది కూడా లేదనుకో. ఇది చప్పుడు చెయ్యదు, ముప్ఫై ఏళ్లైనా అలా పడుంటుంది. కాకపోతే కనిపెట్టుకుని ఉండాలి. ఆర్నెల్లకోసారి రక్తమిస్తే చాలు, మన చెయ్యి దాటిపోదు. నా దగ్గరొకావిడుంది, ఆవిడని చూస్తే నీకే ధైర్యమొస్తుంది."

"ఎవరావిడ?"

"పేరు తెలియదు. ఎప్పుడూ చూడలేదు కూడా."

"చూడకుండా ఏం వైద్యం?"

"మా పద్ధతే అది. ఊళ్లలో చిన్న చిన్న కేంద్రాలున్నాయి మాకు. అక్కడ నర్సులు రక్తం తీస్తారు. పేర్లు అక్కడే బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నాకు నంబరొకటే వస్తుంది. మనిషెవరో తెలిస్తే లెక్కలో మొగ్గు చూపిస్తామని, నేనే పెట్టిన నియమం. ఈవిడ రెండొందల పన్నెండు."

"చెప్పు ఆవిడ సంగతి."

"నీకెందుకు ఆవిడ సంగతి? ముందు నువ్వు..."

"ధైర్యమొస్తుందన్నావుగా. చెప్పు."

"పంతొమ్మిదేళ్లుగా వస్తోంది. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. ఏడో ఏట రక్తంలో వైరసు కాస్త పెరిగింది. వెంటనే మాత్ర మొదలుపెట్టమని రాసి పంపాను. దిగిపోయింది. అప్పట్నుంచీ గ్రాఫులో గీత నేల మీద గీసినట్టు సమంగా ఉంది. ఆ గీత ఎన్ని సభల్లో చూపించానో. నవ్వనంటే ఇంకో మాట చెబుతాను."

"నవ్వను."

"ప్యాకెట్టు రాగానే ముందు ఆవిడ ట్యూబే వెతుక్కుంటాను. ఫలితం బాగుంటే ఆ రోజు రెండుసార్లు టీ పెట్టుకుంటాను. ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తుంది. ఇంట్లో ఎవరున్నారు? వంటింట్లో నిలబడి పైకే అంటాను, 'రెండొందల పన్నెండు బాగుంది' అని."

"పిచ్చిదానివి."

"అవును. నియమం పెట్టిందాన్ని నేనే, మొగ్గు చూపించేదాన్నీ నేనే. ఒక్కసారి రాలేదు ఆవిడ. నాలుగేళ్ల కింద జూన్‌లో. ప్యాకెట్టు మూడుసార్లు తిరగేశాను. నర్సుకి ఫోన్ చేశాను. 'చెప్పకూడదు మేడమ్, మీరే పెట్టారుగా రూలు' అంది. 'బతికుందా, అదొక్కటి చెప్పు తల్లీ' అన్నాను. చెప్పలేదు. ఆ ఆర్నెల్లూ నాకు తిండి సహించలేదు."

"అంత ఇదైపోయావా?"

"నాకు జూన్, డిసెంబరు తప్ప వేరే పండగల్లేవే. డిసెంబరులో మళ్లీ వచ్చింది."

"వచ్చిందిగా."

"వచ్చింది. కాస్త తిక్క మనిషి కూడాను. మా ఫారంలో మొదటి ప్రశ్న, 'తాగే అలవాటు ఉందా?' అని ఉండేది. అందరూ ఉందనో లేదనో రాస్తారు. ఈవిడ ప్రతిసారీ ఆ ప్రశ్నే కొట్టేసేది. పక్కన, 'ముందు రక్తం చూడండి' అని చెప్పి రాయించేది. నర్సు అలాగే టైపు చేసి పంపేది."

"నీకు కోపమొచ్చిందా?"

"ఒళ్లుమండింది. నాకు చెప్పొచ్చిందా అనుకున్నాను. ఆరేడేళ్లు అలాగే కొట్టేసింది. ఇక ఒక రోజు కూర్చుని ఆలోచించాను. ఆవిడన్నదాంట్లో తప్పేముంది? ఫారం మార్చేశాను. రక్తం సంగతులు ముందు, ఆ ప్రశ్న ఆఖరున. ఇప్పుడు చదువుకోడానికి వచ్చినవాళ్లకి మొదటి రోజు చెప్పే మొదటి మాట అదే, ముందు రక్తం చూడండి అని. నా మాటేననుకుని రాసుకుంటారు."

"ఆఖరుకి మార్చాక కూడా కొట్టేస్తోందా?"

"లేదు. మార్చిన మొదటిసారే రాసింది. 'లేదు' అని. ఒక్క మాట."

"ఒక్క మాటేనా?"

"ఒక్క మాటే. అది చూసి ఎందుకో అమ్మ గుర్తొచ్చింది ఆ రోజు. ఎందుకో తెలియదు. నీకు ఫోన్ చేద్దామనుకున్నాను."

"చెయ్యలేదు."

"ఏమని చెయ్యను? అప్పటికింకా నాదే సరైనదనుకుంటున్నాను."

"ఆవిడకి చెప్పావా, వెళ్లిపోతున్నావని?"

"ఎలా చెప్పను? నేనెవరో ఆవిడకి తెలియదు."

"తెలియదని నీకెలా తెలుసు?"

"ఫారం కింద నా పేరు ఉంటుందనుకో, చీమతలకాయంత అక్షరాల్లో. అదెవరు చదువుతారు?"

"చదివేవాళ్లు చదువుతారు."

"చదివినా ఏం లాభం? వచ్చే డిసెంబరు ప్యాకెట్టు ఇంకెవరో తెరుస్తారు. రెండొందల పన్నెండు ఎలా ఉందో నాకింక ఎప్పటికీ తెలియదు. రిటైర్మెంటు అంటే నాకు అర్థమైంది అదొక్కటే."

"మళ్లీ ఏడుస్తున్నావు. ఫ్రీజరు మూశావుగా."

"నా గోల సరేగానీ, నీ సంగతి చూద్దాం. మీ ఊళ్లో కూడా మా కేంద్రం ఒకటుంది. మార్కెట్టు వెనక."

"తెలుసు. మెట్ల పక్కన కొళాయి ఎప్పుడూ కారుతుంటుంది."

"నీకెలా తెలుసు?"

"మార్కెట్టు వెనకేగా. ఊళ్లో ఉన్నదాన్ని, నాకు తెలియదా?"

"అయితే రేపు పొద్దున్నే వెళ్లు. ఏమీ తినకుండా వెళ్లు. నర్సు ఒక్కతే ఉంటుంది, మంచి మనిషని విన్నాను. భయపడకు. కళ్లు తిరిగితే ముందే చెప్పి పడుకో."

"ఇప్పుడు తిరగడం లేదులే. అలవాటైంది."

"దేనికి అలవాటైంది?"

"బతకడానికి. చెప్పు, వెళ్లి ఏమనాలి?"

"ఏమీ అనక్కర్లేదు, నంబరు చెబితే చాలు. నెలాఖరుదాకా ఈ కుర్చీ నాదే. కొత్త మనిషిని చేర్చడానికి నా సంతకం సరిపోతుంది. నీకోసం ఒక నంబరు తీసి ఉంచాను. ఈసారి నీ రక్తం నేనే చూస్తాను, నియమమూ లేదు ఏమీ లేదు. నువ్వు నాతో మళ్లీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. రక్తం పంపించు చాలు. కాగితం ఉందా? రాసుకో. నాలుగొందల ముప్ఫై..."

"కొత్త నంబరెందుకక్కా? రెండొందల పన్నెండు ఉందిగా నాకు."